ఎఫెందిమ్

రాఘవా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడి అద్లియా పేటలో ఒక టర్కీ దంపతుల టీ దుకాణంలో కూర్చున్నాను. లోపలి నుంచి భార్య పేరుపెట్టి పిలవగానే యజమాని "ఎఫెందిమ్!" అన్నాడు. అర్థం అడిగాను.

"'నా ప్రభూ' అని, మేడమ్. గ్రీకు నుంచి వచ్చింది. ఒకప్పుడు దొరలకే. ఇప్పుడు ఎవరు పిలిచినా, ఫోన్ మోగినా ఇదే. మీ ఇంట్లో ఏమంటారు?"

"మొగుణ్ణి పేరుపెట్టి పిలవడమేనా నీ చదువు?" అని మీ అక్కయ్య నన్ను దెప్పినప్పుడల్లా, ఆవిడ ఎదుటే నువ్వు నా పిలుపుకు "చిత్తం, దొరసానీ!" అని పలికేవాడివని చెప్పాను.

మళ్లీ పిలుపు వచ్చింది. అతడు నవ్వి, "చిత్తం!" అన్నాడు.

నీ తరువాత ఆ మాట వినడం ఇదే మొదలు. ఇంకో టీ తెప్పించుకుని, ఆవిడ మరోసారి పిలిచేదాకా కూర్చున్నాను.