నీ డీవీడీ, నా వీసీడీలు

బావా,

రాయడం నాకు సరిగా రాదని నీకు తెలుసు. కోపం పట్టలేక రాస్తున్నాను.

రేపటికి నువ్వు పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకు వచ్చేవాళ్లకు నీ గొంతు వినిపిద్దామని, నా కొడుక్కీ నీ కూతురికీ జరిగిన పెళ్లి సీడీలు పట్టుకుని నంద్యాలలో వీడియో అంగడికి పోయాను. ఆ పెళ్లిలో వీడియో అతను వీసీడీనా, డీవీడీనా అని అడిగితే మనం పోట్లాడి చెరొక రకం చేయించుకున్నాం. నీది దండగ అన్నాను. పంతానికి నీ డీవీడీ ఒక్కసారీ చూడలేదు.

అంగడివాడు నా మూడు సీడీలూ తిప్పి చూసి, "ఇవి బూజు పట్టినాయి పెద్దాయనా. డీవీడీ ఉంటే తే, పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తా" అన్నాడు. ఒళ్లు మండింది. అయినా మీ ఇంటికని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

"మీ బావ ఉన్నప్పుడు ఒక్కసారన్నా చూస్తివా అన్నా?" అని దెప్పుతూనే మా చెల్లెలు నీ డీవీడీ పెట్టింది. అది చక్కగా ఆడింది. నా సీడీల్లో చోటు చాలక తీసేసిన భోజనాలు అందులో ఉన్నాయి. నువ్వు నా విస్తట్లో ఓళిగ వేసి, "తిను బావా, నీ సీడీలో ఇది పట్టదులే!" అని నవ్వుతున్నావు.

నువ్వే గెలిచావు. ఆ మాట నా నోటితో చెప్పించుకోకుండానే పోయావు. ఏం మనిషివయ్యా!