కుడి మూలన వచ్చే గుర్తు

2012 జూలై, మంగళవారం

డీటీపీ సెంటర్‌లో ఈ రోజు మళ్లీ అదే తప్పు. క్యాప్స్ లాక్ పడితే తెర కుడి మూలన చిన్న గుర్తు వస్తుంది. అది నాకు కనబడలేదు. కోచింగ్ వాళ్ల ఇంగ్లిష్ నోట్సు చూస్తూ పేజీ మొత్తం పెద్దక్షరాల్లో కొట్టేశాను.

పక్క సీటు రమేశ్ నవ్వాడు. "గుర్తు వచ్చింది గద అక్కా, చూడలేదా?"

"జర దాన్ని నడుమ పెట్టరాదు తమ్మీ. మెడ నొస్తుంది" అన్నాను.

సెట్టింగుల్లోకి వెళ్లి తెర మధ్యకు జరిపాడు. ఈసారి నొక్కగానే కనబడింది. సంతోషించలేకపోయాను. కళ్లకు నీటికాసుల జబ్బట. చూపు పక్కల నుంచి తగ్గుతూ మధ్యకు వస్తుందని, పోయింది మళ్లీ రాదని నారాయణగూడ డాక్టరు చెప్పి నెలయింది. ఈ పని తప్ప నాకు వేరే పని రాదు. ఎన్నాళ్లు దాచను?

సాయంత్రం చిక్కడపల్లిలో రోడ్డు దాటుతుంటే కుడివైపు నుంచి ఆటో మీదికి వచ్చేసింది. బ్రేకు వేసి డ్రైవరు అరిచాడు. "కండ్లు కనబడ్తలేవా?"

"కనబడ్తలేవు అన్నా" అన్నాను.

ఆ మాట బయటికి అనడం అదే మొదలు. ఇంటికొచ్చి మా ఆయనకు అన్నం పెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని తింటున్నంతసేపూ ఆ మాట ఆయనతో అనలేకపోయాను.