ఏడో లైటు

చందర్ బావకు,

గ్రూపులో రాస్తే అందరూ నవ్వు బొమ్మలు పెడతారని కాగితం మీద రాస్తున్నాను. అక్కకు చూపించకు.

ఏటా దసరా తర్వాత ఇల్లందు నుంచి భద్రాచలం రైడ్‌లో నువ్వు ముందు, నీ వెనక మా ఏడు బండ్లు. నా పాత బండి చివర ఉండాలన్నది నీ రూలు. వంతెన దాటగానే ఆగి, వెనక వచ్చే బండ్ల లైట్లు లెక్కపెట్టడం కూడా నీ రూలే.

మొన్న సాయంత్రం కిన్నెరసాని వంతెనకు ముందే నా చైను తెగింది. ఎంత హారన్ కొట్టినా ఎవరికీ వినపడలేదు. అడవిలో సిగ్నల్ లేదు. నువ్వేమో ఏడు లైట్లు లెక్కపెట్టుకుని వెళ్లిపోయావు.

ఏడో లైటు నాది కాదు బావా. పత్తి చేను నుంచి ఇంటికి పోతూ మన వరుసలో కలిసిన కుంజా ముత్తయ్యది. నీ లెక్క విని అతనొక్కడే వెనక్కి మళ్లాడు.

"మీ పెద్దమనిషి నన్ను గూడ లెక్కేసిండు. మరి అసలోడు ఏడున్నడో సూద్దామని వచ్చిన" అన్నాడు.

తన బండి నడుపుతూనే, కాలితో నా బండిని పాల్వంచ మెకానిక్ దాకా తోశాడు.

అప్పటికి మీరు గోదావరి ఒడ్డున ఫొటో దిగి, "అందరం క్షేమం" అని పెట్టేశారు. అందులో నీతో కలిపి ఏడుగురే ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఫొటోల నువ్వెందుకు లేవురా?" అని నన్నే అడిగావు.

వచ్చే ఏడాది రైడ్‌కు ముత్తయ్యను పిలిచాను. ముందు అతను ఉంటాడు, చివరి బండి నీది. భయపడకు, నువ్వు ఆగిపోతే అతను వెనక్కి వస్తాడు.

నీ బామ్మర్ది