రువెల్లా వేసిన దావా

ప్రియమైన చెల్లి ఒపాల్‌కి,

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కవద్దన్నారు, మర్చిపోకు. మరిదిగారి దగ్గు తగ్గిందా, లేక నీకు వినపడకుండా దగ్గుతున్నారా? మీ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, కారు నడపనివ్వకండి. ఇక్కడ నా రక్తపోటే బాగాలేదు. కారణం ఇంతవరకు నీకు రాయలేదు.

మన లాండ్రీ మీద రువెల్లా దావా వేసింది. మా ఆయన ఉన్నప్పటినుంచీ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ రువెల్లానే. కిందటేడు చలికాలంలో మా అబ్బాయి డ్వేన్, బట్టలకోసం వచ్చినవాళ్ళ ముందే, "మిస్ రువెల్లా, మీకు వయసైపోయింది, చెయ్యి సాగట్లేదు. ఇక ఇంట్లో కూర్చోండి, కుర్రదాన్ని పెట్టుకుంటాం" అన్నాడు. వయసు చూసి పని తీసేయడం చట్టం ఒప్పుకోదట. వాడేమో మర్యాదగానే చెప్పాననుకున్నాడు. నేను గల్లా దగ్గరే ఉండి నోరు మెదపలేదు.

పనివాళ్ళు దావా వేస్తే ఆదుకునే బీమా నేనే పట్టుబట్టి కట్టించాను. "నీ భయాలన్నిటికీ బీమా కడితే దుకాణం మిగలదమ్మా" అని డ్వేన్ వెక్కిరించేవాడు. ఇప్పుడు ఆ బీమావాళ్ళే లాయరుని పెట్టారు. రువెల్లాతో మాట్లాడొద్దు, తప్పు జరిగిందని ఎవరితోనూ అనొద్దు, అంటే బీమా చెల్లకుండా పోవచ్చు అన్నాడాయన. దుకాణం పోతే మేం ఏం తింటాం? నోరు కట్టేసుకున్నాను. ఈలోగా రువెల్లా భర్తకు గుండె ఆపరేషన్ అయింది. చర్చి ఆడవాళ్ళం వంతులు వేసుకుని వండి పంపాం. నా వంతు నాడు కోడికూర పెట్టి కాల్చిన 'పై'ని వేరేవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళ వీధి మలుపులో కారులోనే కూర్చున్నాను.

పోయిన నెల బీమావాళ్ళు రాజీ పడదాం, పరిహారం మేమిస్తాం అన్నారు. దుకాణం నా పేరున ఉంది కాబట్టి నా సంతకం కావాలి.

"నువ్వు సంతకం పెడితే నేను తప్పు చేసినట్టే కదమ్మా" అన్నాడు డ్వేన్.

"చేశావు నాయనా" అని పెట్టేశాను. రెండు రోజులు వాడు నాతో కలిసి భోంచేయలేదు.

అంతా ముగిశాక, ఇక మాట్లాడవచ్చని లాయరు చెప్పాక, రువెల్లాకి ఫోన్ చేశాను.

"మీ తప్పేమీ లేదని రాజీ కాగితంలో రాయించారుగా వెల్డా. ఇప్పుడు క్షమాపణ చెప్పడానికి వస్తావా?" అంది.

"వస్తాను."

"మీవాణ్ణి కూడా తీసుకురా. వాడు చెప్పాల్సిన మాట నీచేత చెప్పించుకునేంత ముసలిదాన్ని కాలేదు నేను" అంది.

డ్వేన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎప్పుడు రమ్మంది?" అన్నాడు.

ఏప్రిల్ పద్దెనిమిది, శనివారం, మధ్యాహ్నం వాళ్ళింటికి భోజనానికి వెళ్తున్నాం.

నీ అక్క,
వెల్డా