చిన్నల్లుడి ఆకలి

ఆసుపత్రి వంటశాల,
ఆదివారం, మధ్యాహ్నం వడ్డన అయ్యాక.

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. అమ్మ మోకాళ్ళు కూడా క్షేమమే, అంటే ఎప్పటిలాగే తిట్లు తింటూ పనిచేస్తున్నాయి. మీరు, అక్క, పిల్లలు ఏటి అవతల తడవకుండా ఉన్నారని మొన్న పడవలో వచ్చిన నర్సమ్మ చెప్పింది. ఆ మాట విన్నాకే అమ్మ కడుపునిండా తింది. ఫోన్ టవరు పడిపోయింది, ఇంకా లేపలేదు. వంతెన సంగతి అడిగితే ఎవరూ నోరు విప్పడం లేదు. అందుకని ఈ ఉత్తరం నర్సమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

మనం మాట్లాడుకుని చాలా కాలమైంది కాబట్టి మొదటినుంచీ రాస్తాను. మీకు తెలిసిన సంగతులు కూడా ఉంటాయి. అవి నా వైపునుంచి వినలేదనుకుని చదవండి.

నిరుటి వానల్లో మీ లారీ కొండ మలుపు దగ్గర ఇరుక్కుని సిలిండర్లు రానప్పుడు ఇక్కడ ఏం జరిగిందో మీకు పూర్తిగా తెలియదు. తడి కట్టెలతో పొయ్యి ఊదీ ఊదీ అమ్మకు కళ్ళు వాచిపోయాయి. బాలింతలకు కూడా బిస్కట్లే గతి అయ్యాయి. వానలు ఒకప్పుడు చెప్పి వచ్చేవి. ఇప్పుడు నెలల తరబడి మొహం చాటేసి, వచ్చినప్పుడు ఏడాది బాకీ అంతా ఒక్కసారే తీర్చేస్తున్నాయి. మళ్ళీ ఇలాగే అయితే ఏం చేస్తామని డాక్టరమ్మ అడిగింది. వంటశాల వెనక కుళ్ళి కంపుకొట్టే ఎంగిలి కుప్పను చూపించి, గోబర్ గ్యాస్ పెడదామని నేనే అన్నాను. ఆమె సరేనంది. అలా ఆ గొయ్యి వచ్చింది.

దానికి చిన్నల్లుడని పేరు పెట్టింది అమ్మే. వేళకు పెట్టకపోతే అలుగుతాడు, పెట్టింది నచ్చకపోతే ఉబ్బుతాడు, ఏమైందంటే చెప్పడు, అచ్చం అల్లుడే అంది. పెద్దల్లుడు ఇవన్నీ చేసేవాడా అని నేనడిగితే, వాడు ఉబ్బడం ఒక్కటీ చేసేవాడు కాదు అంది. ఇది మీతో చెప్పొద్దంది కూడా.

మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, పక్క వీధి పాలవాళ్ళ పేడ నీళ్ళలో కలిపి పొద్దున్నే పోసేవాణ్ణి. గ్యాస్ గొట్టంలోంచి పొయ్యికి వచ్చేది. పని అయిపోయి అవతలి తొట్టిలోకి వచ్చే జావను పెరటి గుమ్మడి పాదులకు పోసేవాణ్ణి. ఒక పొయ్యి చక్కగా మండేది. సిలిండర్లు సగానికి తగ్గాయి. మీకు కష్టం తోచిందని నాకు తెలుసు. తగ్గినవి మీ లారీలోంచి దిగేవే కదా.

అప్పుడు ఆసుపత్రి కమిటీ పెద్దాయన అడ్డం పడ్డాడు. వంటశాల మూసేసి పట్నంనుంచి పొట్లాల భోజనం వ్యానులో తెప్పిస్తే ఏ గొడవా ఉండదన్నాడు. గొయ్యి మీద ఒక్క పూట ఆసుపత్రి మొత్తానికి వండి చూపిస్తే సరే, లేకపోతే ఒకటో తేదీనుంచి వ్యాను అన్నాడు. అంటే అమ్మా, నేనూ, అంట్లు తోమే ఇద్దరక్కలూ, వడ్డించేవాళ్ళూ అందరం ఇంటికి.

ఆ పరీక్ష రోజు మీరూ ఉన్నారు. మంట ఒక్కసారి తుమ్మి ఆరిపోయింది. నేను గొట్టం ఊదాను, వాల్వు తిప్పాను, మళ్ళీ అగ్గిపుల్ల గీశాను. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. మీరు సిలిండరు భుజంమీదనుంచి దించి, ఈ గొయ్యి మీద అన్నం ఉడికిన రోజున నా మీసం తీసి నీ వంటింటి గుమ్మానికి తోరణం కడతాను బావమరిదీ అన్నారు. అందరూ నవ్వారు. ఇక మీ లారీ మా గేటు లోపలికి రానక్కర్లేదని నేనన్నాను. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

అసలు ఏం జరిగిందో ఆ మర్నాడు తెలిసింది. పరీక్షకు పెద్దలొస్తున్నారని అమ్మ ముందురోజు సాయంత్రం వంటిల్లంతా కడిగింది. ఆసుపత్రి వంటిల్లు, ఆమె సంగతి మీకు తెలుసు కదా, ఈగ కాళ్ళు కడుక్కుని రావాలి. అంతటితో ఆగకుండా గొయ్యి నోటి తొట్టి కంపుకొడుతోందని, మరిగే నీళ్ళూ ఒక సీసా ఫినాయిలూ అందులో పోసి చీపురుతో రుద్దింది. లోపల పేడను తిని గ్యాస్ చేసే పురుగులన్నీ చచ్చి ఊరుకున్నాయి. ఫినాయిలు పోశావా అని అడిగితే, వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే ఎవరికి నామర్దా అని నామీదే లేచింది. తర్వాత తొట్టి గట్టుమీద కూర్చుని, తాను రుద్దినచోట చేత్తో నిమిరింది. చివరికి, నోరులేనివాడు, మంట పుడుతోందని చెప్పలేకపోయాడు అంది.

గొయ్యి తోడేశాం. మళ్ళీ పేడనీళ్ళు నింపాం. కానీ ఉత్త పేడ తనంతట తాను పులిసి గ్యాస్ పుట్టేసరికి ఒకటో తేదీ దాటిపోతుంది. పాలు తోడుకోవాలన్నా తోడు ఉండాలి కదా, బాగా నడుస్తున్న ఇంకో గొయ్యిలోని జావ దొరికితే తప్ప పనవదని అమ్మే తేల్చింది. అలాంటి గొయ్యి కొండ అవతల పాల డెయిరీలో ఉంది. అంత బరువు అక్కడినుంచి తేవడం మా వల్ల కాదు. ఈ మాటే అమ్మ అక్కకు ఫోనులో చెప్పుకుని ఏడ్చిందట. నాకు తర్వాత తెలిసింది.

ఒక పొద్దున గేటు తాళం తీయడానికి వెళితే బయట రోడ్డు పక్కన నాలుగు డ్రమ్ములున్నాయి. మూతలు తాడుతో బిగించి ఉన్నాయి. నిండా డెయిరీ జావ. ఎవరు తెచ్చారో చెప్పలేదు, చీటీ లేదు. అంత దూరం తెచ్చినవాళ్ళు గేటు తట్టి లోపల దింపకుండా రోడ్డు మీద ఎందుకు వదిలేశారో అర్థం కాలేదు. తాడు ముళ్ళు ఎంతకీ రాకపోతే కత్తి తెచ్చాను. అమ్మ వచ్చి ఒక ముడిని కాసేపు చూసింది. తాడు కొయ్యకు, నేను విప్పుతాను అంది. విప్పింది కూడా.

డెయిరీ యజమాని దయ అనుకున్నాం. జావ పోశాక మూడు పూటలు చిన్నల్లుడికి లంఖణం పెట్టించింది అమ్మ. వాంతులైనవాడికి వెంటనే విందు పెడతామా అంది. తర్వాత పలచగా కొద్దికొద్దిగా పోయించింది. మంట మొదట పసుపుపచ్చగా వణికింది. ఆపైన నీలంగా నిలబడింది. వెళ్ళి కమిటీ పెద్దాయనకు చెబితే, వ్యానుకు మాటిచ్చేశాను, నీ దీపం నువ్వు వెలిగించుకో అన్నాడు.

ఒకటో తేదీకి ముందురోజు వాన మొదలైంది. మిగతాది మీరు అవతలి గట్టునుంచి చూసే ఉంటారు. వంతెన పోయింది. కరెంటు పోయింది. పొట్లాల వ్యాను అవతలే ఉండిపోయింది. మీ లారీ ఆగాక మిగిలిన సిలిండర్లు కూడా అయిపోయాయి. ఉన్నది చిన్నల్లుడొక్కడే.

చలికి వాడు ముడుచుకోకుండా పైన గడ్డీ పట్టాలూ కప్పాం. గ్యాస్ వృథా కాకూడదని బియ్యం ముందే నానబెట్టి, ఒక్క పొంగు రాగానే గిన్నె దించి, పాత దుప్పట్లు చుట్టి పెట్టెలో పెట్టేవాళ్ళం. మిగతా ఉడుకు దానంతట అదే ఉడికేది. ఆ ఖాళీలో పొయ్యిమీద ప్రసవాల గదికి వేడినీళ్ళు కాగేవి. పెరటి గుమ్మడికాయలు ఒకదాని తర్వాత ఒకటి కోశాం. దిగువ వీధులు మునిగి జనం పశువులతో సహా ఆసుపత్రి ఆవరణలోకి వచ్చేశారు. ఇంతమందికి ఎలాగని నేను బియ్యం బస్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అమ్మ మాత్రం గేదెల్ని లెక్కపెట్టి, మనుషులు తినడానికొచ్చారు, ఇవి వండిపెట్టడానికొచ్చాయి, ఏడవకు అంది. నిజమే. తట్టలకొద్దీ పేడ అక్కడికక్కడే దొరికింది. వాన తగ్గేదాకా పొయ్యి ఏ పూటా ఆరలేదు. ఏ రోగీ పస్తుండలేదు. ఆ రోజుల్లో ముగ్గురు బిడ్డలు పుట్టారు. ముగ్గురికీ మొదటి స్నానం చిన్నల్లుడి వేడినీళ్ళతోనే.

కమిటీ పెద్దాయన ఇల్లు కూడా మునిగింది. ఆయన కంచం పట్టుకుని వరసలో నిలబడ్డాడు. అమ్మ అందరికంటే ఒక గరిటె ఎక్కువే వేసి, ఇది దీపం మీద వండిందండీ, సరిగా ఉడికిందో లేదో చూసి చెప్పండి అంది. ఆయన కంచం ఖాళీ చేశాడు. రెండోసారి వచ్చి నిలబడ్డాడు.

నిన్న కమిటీ కూర్చుంది. వ్యాను రద్దు. వంటశాల ఉంటుంది, మేమంతా ఉంటాం. ఇంకో రెండు గోతులు తవ్వుతారు. ఒకటి బడి వంటకు కూడా సరిపోయేంత పెద్దది. డాక్టరమ్మ చదివి వినిపిస్తుంటే అంట్లు తోమే అక్కలు గిన్నెలు మోగించారు. అమ్మ వాళ్ళను కసిరి, తానూ ఒక గరిటె అందుకుంది.

ఇక పని మాట. మూడు గోతులకు మేత కావాలి. రోజూ కూరగాయల బజారు చెత్త ఇక్కడికి రావాలి, ఇక్కడి ఎరువు తోటలకు వెళ్ళాలి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఖాళీగా నడవని లారీ కావాలని కమిటీ అడిగింది. నాకు తెలిసిన లారీ ఒకటుందని, యజమాని నోరు మంచిది కాదుగానీ చెయ్యి మంచిదని చెప్పాను. మీ పేరే రాసుకున్నారు. వంతెన లేచేలోగా ఆలోచించుకోండి. అక్కకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ బావమరిది

తాజాకలం: వాన వెలిశాక డెయిరీ యజమాని మా గొయ్యి సంగతి విని చూడడానికి వచ్చాడు. డ్రమ్ములు పంపినందుకు దండం పెడదామని వెళితే, నేనేమీ పంపలేదే అని తెల్లమొహం వేశాడు. ఎవరో ఎడమచేతివాటం లారీ ఆయన గొయ్యి జావ కావాలని వచ్చాడు, ఎవరికంటే మా చిన్నల్లుడికి ఒంట్లో బాగాలేదన్నాడు, పిచ్చివాడనుకుని ఇచ్చేశాను అన్నాడు. నేను వంటింట్లోకి వచ్చి మేకుకు వేలాడుతున్న ఆ తాడు చూశాను. ముళ్ళు విప్పినా మెలికలు మాత్రం మీరు వేసే తీరునే ఎడమకు తిరిగి ఉన్నాయి. అమ్మకు ఆ పొద్దుటే తెలుసు. చెప్పలేదేమంటే, వాడు చెప్పనిది నేనెలా చెబుతాను అంది. గేటు లోపలికి రావద్దన్నానని డ్రమ్ములు బయటే దింపి, నా మాట నిలబెట్టి, మీ పందెం మీరే ఓడిపోయారు బావా. మీసం జోలికి వెళ్ళకండి, అక్క ఊరుకోదు. పెద్దల్లుడు తోడు పొయ్యకపోతే చిన్నల్లుడు దక్కేవాడు కాదని అమ్మ వంటశాలంతా చెప్పుకుంటోంది. గేటు తాళం నిన్ననే తీసేశాను. లారీ లోపలికే తీసుకురండి.