పదిమందిలో మిగిలిన ఒక్కరు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. గూడూరు నిమ్మకాయల మండీలో నువ్వు మూటలు మోసిన రోజుల గురించి నా బ్లాగులో రాశాను. రోజుకు పదిసార్లు తెరిచినట్టు లెక్క చూపిస్తే, పదిమంది చదువుతున్నారని మురిసిపోయాను.

నెట్ సెంటర్ అన్న చూసి నవ్వాడు. "పాపా, ఇందులో తొమ్మిదిసార్లు తెరిచింది నువ్వే. నీ ఇంటికి నువ్వే సుట్టంగా పోతాండావా?"

నేను తెరిచినవి లెక్కలోకి రాకుండా ఆయనే సరిచేశాడు. ఈరోజు ఒక్కటే మిగిలింది. గూడూరులో ఎవరో ఆ పేజీని నలభై నిమిషాలు చదివారు. నేనైతే ఐదు నిమిషాల్లో చదివేస్తాను. నేను నేర్పిన అక్షరాలు కూడబలుక్కుంటూ నువ్వూ అంత నిదానంగానే చదివేవాడివి.

ఆ మనిషెవరో నాకు తెలియదు. పేజీలో అక్షరాలు పెద్దవి చేసి పెట్టాను.