లేచి వచ్చేస్తే పిలుస్తారనుకున్నాను

నవంబరు 9, ఆదివారం

ముందు ఎవరెలా ఉన్నారో రాస్తాను. ఐదో తరగతి చదువుకు నాకు వచ్చింది ఉత్తరాలు రాయడమే. ఉత్తరం అట్లానే మొదలుపెట్టాలి.

ఈయన ఎలా ఉన్నారు? నిరుడు తుంటి విరిగింది. రాడ్ వేశారు, అయినా నడుము సరిగ్గా వంగదు. చక్రాల కుర్చీని వెనక్కి వాల్చి కూర్చోబెట్టాలి. కారులో కూర్చోబెడితే నొప్పికి అరుస్తారు. కొడుకు సోమశేఖర్ ఎలా ఉన్నాడు? షుగర్. మాత్ర వేసుకున్నానంటాడు, వేసుకోడు. కోడలు యశోద? మెడ నొప్పి, ఫోన్ మాత్రం దించదు. మనవరాలు కీర్తిప్రియ? పెళ్ళి కుదిరిన నాటి నుంచి అన్నం మానేసింది. సన్నబడాలట. ఫ్యాను గాలికి పడిపోయేలా ఉంది. నేనెలా ఉన్నాను? బీపీ. ఇంతమందితో కాపురం చేస్తే బీపీ రాక ఏం వస్తుంది.

ముహూర్తం ఫిబ్రవరి 26, పొద్దున. మూఢం పోయాక వచ్చే మంచి రోజులు తక్కువ, ఊరంతా వాటి మీదే పడుతుంది. నాకు కావలసింది ఒకటే, మా కిషన్‌బాగ్ గల్లీ చివరి ఫంక్షన్ హాలు. అక్కడికైతే ఈయనను కుర్చీలో తోసుకుంటూ పోవచ్చు. మనవరాలి తలంబ్రాలు కళ్ళతో చూస్తారు. ఇంకెక్కడ పెట్టినా ఈయన ఇంట్లో మంచం మీదే.

ఆ హాలును దాని ఆఫీసులోనే బుక్ చేస్తే డిస్కౌంట్ లేదట. మలక్‌పేటలో వెడ్డింగ్ ఫెయిర్ పెడుతున్నారు, అక్కడ వాళ్ళ స్టాల్‌లో బుక్ చేస్తేనే ఆఫర్ అట. గల్లీ చివరి హాలు కోసం మలక్‌పేట పోవాలా. ఇదేం తిక్క.

నవంబరు 14

నిద్ర లేదు. రేపు ఫెయిర్. హాలు వేరే వాళ్ళు ముందే తీసుకుంటే? కారులో కీర్తిప్రియకు వాంతులైతే? ఇంట్లో ఈయనకు నీళ్ళెవరిస్తారు? పక్కింటి ఆవిడకు తాళం ఇచ్చాను. ఆమె మరిచిపోతుందేమో.

నవంబరు 15, శనివారం

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

లోపలికి అడుగు పెట్టగానే మీద అత్తరు చల్లారు. నేను అడిగానా? తాంబూలం ఇచ్చినట్టు ఒక సంచీ ఇచ్చారు, దాని నిండా కాగితాలే. బాదం పాలు మందు పోసే మూతంత కప్పులో ఇచ్చారు. ప్రతి స్టాల్‌లోనూ ఒకటే మాట, ఇయ్యాల ఒక్కరోజే ఆఫర్. పూల వాడిదీ అదే మాట, ఫొటోల వాడిదీ అదే మాట. రేపు కూడా ఫెయిర్ ఉంది గదా, రేపేం చెబుతవ్ బిడ్డా అని అడిగాను. రేపు గూడ ఇయ్యాలనే అంటమమ్మా అన్నాడు ఫొటోల వాడు. వాడొక్కడే అక్కడ నిజం చెప్పినవాడు.

హాలు స్టాల్‌లో రాహుల్ అనే కుర్రాడు, మెడలో కార్డు, ముఖాన నవ్వు. రేటు చెప్పాడు. నేను సగం అన్నాను. అమ్మా, గిది కూరగాయల బండి కాదు అన్నాడు. నేనూ దుకాణం ఇంటి కోడల్నే బిడ్డా, బేగంబజారులో మాది గిన్నెల దుకాణం అన్నాను. మాట మాటకూ కొంచెం దించాను. జనరేటర్ అందులోనే, ఏసీ అందులోనే, స్టేజీ పూలు అందులోనే అనిపించాను. పక్క కుర్చీలో బురఖా వేసుకున్న పెద్దావిడ తన వంతు కోసం కూర్చుని అంతా వింటోంది. సోమశేఖర్ మస్తు తగ్గించినవమ్మా, కట్టేద్దాం అని ఫోన్ తీశాడు. నేను వాడి కాలు తొక్కాను. ఇంకొంచెం దిగుతుందని నాకు తెలుసు. లేవండి పోదాం అన్నాను.

బేరమంటే అదే. కొనేవాళ్ళు లేచి పోతారు, అమ్మేవాడు వెనక నుంచి పిలుస్తాడు. మా దుకాణంలో ఈయన ఎంతమందిని అట్లా పిలిచారో. గడప దాటనిచ్చేవారు కాదు. ఆగమ్మా, నీ మాట నా మాట గాకుండ నడుమ మాట చెప్త అనేవారు. లేచినవాళ్ళకు మర్యాద, పిలిచినవాళ్ళకు మర్యాద. ఇందులో దాచేదేముంది, ఇద్దరికీ తెలిసిన సంగతే.

మెల్లగా నడిచాను. చెప్పు సర్దుకున్నాను. పక్కన గాజుల స్టాల్‌లో గాజులు తిప్పి చూశాను. వెనక నుంచి పిలుపు రాలేదు. వెనక్కి తిరిగితే బేరం చెడుతుందని తిరగలేదు. యశోద గొణిగింది, అత్తమ్మా, ఆయన ఇంకొకరితోని మాట్లాడుతుండు అని. నటిస్తున్నాడులే అన్నాను.

చివరికి మేమే తిరిగి పోయేసరికి ఆ పెద్దావిడ కుర్చీ ఖాళీ. డేట్ అయిపోయింది ఆంటీ, ఇప్పుడే బుకింగ్ అయ్యింది అన్నాడు రాహుల్. నవ్వు అట్లాగే ఉంది. మరి పిలవాలి గద బిడ్డా అన్నాను. ఎందుకు పిలుస్తం ఆంటీ, మీరు వద్దని లేచిపోయిండ్రు గదా అన్నాడు.

వాడికి దుకాణం అంటే ఏంటో ఎవరూ నేర్పలేదు. స్టాల్ పెట్టిచ్చారు, కార్డు వేసిచ్చారు. మనిషి లేస్తే పిలవాలని చెప్పలేదు.

నవంబరు 16

ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. నేను వండింది మాత్రం తిన్నారు.

నవంబరు 18

సోమశేఖర్ రింగు రోడ్డు అవతల ఇంకో హాలు చూశాడు. ప్యాకేజీ అట. పూలు, భోజనం, డీజే, పొగ వచ్చే మిషన్, అన్నీ కలిపి ఒకే రేటు. యశోద ముఖం విప్పారింది. నేను అడిగాను, మరి మీ నాన్న? సోమశేఖర్ తల గోక్కుని అంబులెన్స్ మాట్లాడుత అన్నాడు. పడుకోబెట్టి తీసుకుపోవచ్చట.

పెళ్ళికి అంబులెన్స్‌లో వస్తారా ఎవరన్నా. వియ్యాలవారు ఎదురొచ్చి పన్నీరు చల్లాలా, సెలైన్ సీసా పట్టుకోవాలా. నా నోటికి ఎంత వచ్చిందో అంతా అన్నాను. వాడు కూడా అన్నాడు. నువ్వు లేవకపోతే గీ లొల్లి ఉండేదా అమ్మా అన్నాడు. నిజమే అన్నాడు కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

అన్నిటికంటే ఈయన మీద కోపం. మంచం మీద నుంచి, ఎందుకు ఫికర్, నేను ఫోన్ల చూస్త తియ్యి అన్నారు. నిమ్మళంగా అన్నారు. ఈ ఇంట్లో మొదట పుట్టిన ఆడపిల్ల అది. దాన్ని భుజాన వేసుకుని దుకాణానికి తీసుకుపోయిన మనిషి. ఫోన్లో చూస్తారట. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు తోమాను. అవి ముందే తోమి ఉన్నాయి.

నవంబరు 20, గురువారం

కీర్తిప్రియను వెంటబెట్టుకుని హాలు ఆఫీసుకే పోయాను. రాహుల్ అక్కడే ఉన్నాడు. ఆ రోజు తీసుకున్నదెవరు అని అడిగాను. చెప్పొద్దు ఆంటీ, రూల్ అన్నాడు. సరే, నేను కూర్చుంట అన్నాను. కూర్చున్నాను. వాడు టిఫిన్ డబ్బా తెరిచి నన్ను చూసి మూశాడు. కీర్తిప్రియ ఫోన్ తీసి, అన్నా, మీ హాలుకు ఒక్క స్టార్ ఇయ్యాల్నా, రాసి గూడ పెట్టాల్నా అని నెమ్మదిగా అడిగింది. దీనికి ఈ తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో. అప్పుడు చెప్పాడు. బార్కస్ బస్తీ వాళ్ళట, ఇఫ్తార్ దావత్ అట. ఆ రోజుల్లో రంజాన్ నడుస్తుంటుంది.

ఇఫ్తార్ సాయంత్రం గదా, మరి పొద్దున హాలు? ఖాళీనే ఆంటీ అన్నాడు. కానీ ఆఫర్‌లో ఫుల్ డే ఒక్కటే ఉంది, పూట లెక్క తీసేసినం అన్నాడు.

అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఈ హాలు కట్టినప్పటి నుంచి పూట చొప్పునే ఇచ్చేవాళ్ళు. మా ఆడపడుచు కూతురి పెళ్ళి పొద్దున చేసి మధ్యాహ్నం ఖాళీ చేశాం, రాత్రి అదే పందిట్లో వేరే వాళ్ళ నిఖా. అందరికీ తెలిసిన పద్ధతి. ఇప్పుడు వాళ్ళకు అక్కర లేని పొద్దున వాళ్ళకు అమ్మారు. నాకు అక్కర లేని సాయంత్రం నాకు అమ్మబోయారు. దాని మీద డిస్కౌంట్ అని పేరు. నేను అంత బేరం చేసింది నాకు పనికిరాని పూట మీద.

రోజు వాళ్ళది, వాళ్ళు పొద్దున ఇస్తమంటే మాకేం లేదు ఆంటీ అన్నాడు రాహుల్. నంబర్ ఇచ్చాడు. డబ్బా తెరుచుకున్నాడు.

నవంబరు 22, శనివారం

బార్కస్ పోయి వచ్చాం. తలుపు తీసింది ఆ కుర్చీలో కూర్చున్న పెద్దావిడే. ఆమీనా బీ. నన్ను చూడగానే గుర్తుపట్టి నవ్వింది. తుమ్ ఉఠ్ గయే, మై బైఠ్ గయీ అన్నది, నువ్వు లేచావు నేను కూర్చున్నానట. నాకు ఉర్దూ రాకపోతే బాగుండేది.

జామకాయలు కోసి ఉప్పు కారం పెట్టి ఇచ్చింది. నేను ముట్టలేదు, కీర్తిప్రియ తిన్నది. పెళ్ళి కుదిరాక అది కడుపు నిండా తిన్నది ఆ జామకాయలే.

నువ్వు రేటు మంచిగ దించినవ్ బెహన్, దించిన రేటుకే నాకిచ్చిండు అన్నది. జనరేటర్ గూడ అండ్లనే అన్నది. నా బేరం పండు ఆమె తిన్నది, నేను గింజ కూడా చూడలేదు. ఈ మాట మొహం మీదే అన్నాను. ఆమె ఇంకా నవ్వింది. లేచినోళ్ళను పిలిచే దుకాణందార్లు ఎప్పుడో పోయిండ్రు, నీకెవ్వరు చెప్పలేదా అన్నది.

అప్పుడు ఈయన సంగతి చెప్పాను. పొద్దున పూట మాకివ్వు, సగం మేం కడతాం, మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు ఊడ్చి తుడిచి ఇస్తాం అన్నాను. ఆమె నవ్వు ఆపింది. ఆమె భర్త పోయి ఏడాది అవుతుందట, ఆయన పేరు మీదే ఆ దావత్. మధ్యాహ్నం నుంచే హలీం వండే భట్టీ పొయ్యిలు పెట్టాలట. ఇవ్వొచ్చు అన్నది. కానీ నాకు యకీన్ లేదు అన్నది. బేరానికి వచ్చిన ప్రతి ఇంట్ల మంచం పట్టిన బీమార్ ఆద్మీ ఒకడు ఉంటడు బెహన్, నేను గూడ చెప్పిన, రాహుల్‌కు చెప్పిన అన్నది. నా కళ్ళతోని చూస్తే అప్పుడు మాట్లాడుదం.

నా మొగుణ్ణి చూసి నమ్ముతుందట. సరుకు చూసినట్టు. లేచి వచ్చేద్దామనుకున్నాను. లేవలేదు. నాకు లేవడం మీద నమ్మకం పోయింది.

నవంబరు 23, ఆదివారం

ఆమీనా బీ ఎప్పుడొచ్చినా మంచం మీదే ఉండండి, గడ్డం అట్లాగే ఉండనీయండి అని ఈయనతో అన్నాను. ఈయన మంగలిని పిలిపించారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయమన్నారు. నేను పెళ్ళికూతురి తాతను, బిచ్చపోణ్ణి గాను, కుర్చీల కూర్చుంట, సలాం చెప్త అన్నారు.

అంత నున్నగా కనబడితే ఆమె నమ్ముతుందా. మంచిగున్నడు గదా, కారులో తీసుకుపో అనదా. అరిచాను. యశోద వచ్చి, మామయ్య చెప్పింది నిజం అత్తమ్మా అన్నది. ఈ ఇంట్లో కోడలు నా వైపు మాట్లాడిన రోజు ఒక్కటి లేదు. చొక్కా ఇస్త్రీ చేసింది కూడా ఆమే.

రాత్రి వరకు ఈయనతో మాట్లాడలేదు. గడ్డం తీశాక బుగ్గలు ఎంత లోపలికి పోయాయో కనబడింది.

నవంబరు 24

ఆమీనా బీ ఫోన్ చేసింది. తన మోకాళ్ళు వంగవట, మీ ఇంటి ముందర మెట్లున్నయా అని అడిగింది. ఉండేవి, ఈయన కుర్చీ కోసం పగలగొట్టి సిమెంటుతో వాలు పోయించాం అన్నాను. నిజంగనే మెట్లు పగలగొట్టిండ్రా అని అడిగింది. సిమెంటు ఖర్చు కూడా చెప్పాను.

తర్వాత, మీ వంటోళ్ళను పొద్దున ఎన్నింటికి రమ్మంటరు అని అడిగింది.

నాకింకా కోపం పోలేదు. రేపు మంగళవారం, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వస్తుంది.